ముంజేయి ఎముకతో మనిషి ఎత్తు అంచనా: కొలత నుంచి నివేదిక దాకా

"రేడియస్ 24 సెం.మీ. ఉంది, మనిషి ఎత్తెంత?" విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఇది. ముంజేతిలో ఉండే రెండు ఎముకల్లో ఒకటి రేడియస్, రెండోది అల్నా. చేతిలో ఉన్న సమాచారం అంతే అయితే జవాబు చెప్పకూడదు. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారు, ఎముక పూర్తిగా ఎదిగిందా, ఆడా మగా, ఏ జనాభాకు చెందిన మనిషి, ఏ సూత్రం వాడబోతున్నారు, ఇవన్నీ తేలాకే లెక్క. ఆ లెక్క ఒక గుణకారం, ఒక కూడిక మాత్రమే. తప్పులన్నీ అంతకు ముందే జరిగిపోతాయి. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ ముందు పనుల గురించే.

ఇక్కడ రెండు సందర్భాలు ఉన్నాయి. ఒకటి, బల్ల మీద ఉన్న ఎండిన ఎముక. రెండోది, నిలబడలేని స్థితిలో ఉన్న బతికున్న మనిషి. వీటి పద్ధతులు వేరు, సూత్రాలూ వేరు. ఒకదాని సూత్రం రెండోదానికి వాడకండి.

ఇంకో మాట. ఇది ప్రయోగశాలలో, ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు, చదువుకునేవాళ్లకు. ఆరుబయట ఎక్కడైనా ఎముకలు కనిపిస్తే కొలవడానికి కూర్చోకండి. తాకకుండా పోలీసులకు చెప్పండి.

1. ముంజేయి ఎముక తప్ప వేరే దారి లేదా?

ముందు ఈ ప్రశ్న వేసుకోండి. తొడ ఎముక దొరికితే ముంజేతి జోలికి పోకపోవడమే మంచిది. మనిషి ఎత్తులో కాళ్లకు నేరుగా భాగం ఉంది, చేతులకు లేదు.

అంకెల్లో చూడండి. అమెరికన్ పరిశోధకులు మిల్డ్రెడ్ ట్రాటర్, గోల్డిన్ గ్లేజర్ 1952లో ఇచ్చిన సూత్రాల్లో శ్వేతజాతి అమెరికన్ పురుషుల తొడ ఎముకకు ప్రామాణిక దోషం (అంచనా అసలు ఎత్తుకు మామూలుగా ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే అంకె) 3.27 సెం.మీ. అదే రేడియస్‌కు, అల్నాకు 4.32 సెం.మీ. అంటే ముంజేతితో చెప్పే అంచనా వెడల్పు సాధారణంగా ఎక్కువే. కాలి ఎముకలు లేనప్పుడో, విరిగిపోయి ఉన్నప్పుడో ముంజేయి ఆదుకుంటుంది.

2. దగ్గర పెట్టుకోవలసినవి

- ఆస్టియోమెట్రిక్ బోర్డు: ఒక చివర కదలని పలక, మరో చివర జరిగే పలక, మధ్యలో మి.మీ. స్కేలు ఉండేది.
- రేడియస్ తల వ్యాసానికి స్లైడింగ్ కాలిపర్ (రెండు దవడల మధ్య పట్టి కొలిచే పరికరం).
- బతికున్నవాళ్లకైతే ఆంత్రోపోమీటర్ (శరీర కొలతలు తీసే స్కేలు) లేదా సాగని టేపు, చర్మం మీద గుర్తు పెట్టే పెన్ను.
- ఎముక పేరు, వైపు, స్థితి, మూడు రీడింగులు రాసుకునే పట్టిక.
- వాడబోయే సూత్రం పూర్తి పాఠం: గుణకం, స్థిరాంకం, ప్రామాణిక దోషం, కొలత నిర్వచనం. ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా ఆ సూత్రం పనికిరాదు.

బోర్డును నమ్మే ముందు పరీక్షించండి. పొడవు కచ్చితంగా తెలిసిన లోహపు కడ్డీని పెట్టి చూడండి. పాత బోర్డుల్లో జరిగే పలక వదులై కాస్త వాలుతుంది. పలక పైభాగం దగ్గర ఒక రీడింగు, అడుగున మరో రీడింగు వస్తున్నాయంటే అదే కారణం.

ఎముకకు మట్టి అంటుకుని ఉంటే మెత్తటి బ్రష్‌తో తీయండి. కత్తితో గీకితే స్టైలాయిడ్ మొన (మణికట్టు వైపు పొడుచుకొచ్చే కొస) ఊడిపోవచ్చు. అది పోతే కొలతే పోయినట్టు.

3. ఏ ఎముక, ఏ వైపుది

అరచేయి ముందుకు పెట్టి నిలబడితే బొటనవేలి వైపు ఉండేది రేడియస్, చిటికెన వేలి వైపు ఉండేది అల్నా. రేడియస్‌కు పైన చిన్న గుండ్రటి తల, కింద వెడల్పాటి చివర ఉంటాయి. అల్నా అందుకు తలకిందులు: పైన లోతైన గాడి ఉన్న పెద్ద చివర, కిందికి వచ్చేసరికి సన్నబడి చిన్న తల, దాని పక్కన స్టైలాయిడ్ మొన. పైన మోచేతి మొనగా చేతికి తగిలే భాగం అల్నాదే. దాన్ని ఓలెక్రానాన్ అంటారు.

రేడియస్ వైపు తేల్చడానికి తలను పైకి పట్టుకోండి. కింది చివర వెనుక భాగంలో స్నాయువులు జారే గాడులు, వాటి మధ్య ఒక గట్టు కనిపిస్తాయి. ఆ గాడుల వైపు మీకు ఎదురుగా ఉండాలి. అప్పుడు స్టైలాయిడ్ మొన మీ కుడికి ఉంటే అది కుడి రేడియస్.

అల్నాకైతే ఓలెక్రానాన్ పైకి, పెద్ద గాడి మీకు ఎదురుగా పట్టుకోండి. రేడియస్ తల ఆనుకునే చిన్న నొక్కు మీ ఎడమకు ఉంటే అది కుడి అల్నా.

వైపు ఎందుకంటే, సాధారణంగా ఎక్కువ వాడే చేతి ఎముకలు కాస్త పొడవుగా ఉంటాయి. రెండు వైపులవీ ఉంటే రెండూ కొలిచి విడివిడిగా రాయండి. సగటు తీసుకోవాలా, ఒక వైపే వాడాలా అన్నది సూత్రం తయారైన పద్ధతిని బట్టి ఉంటుంది, మన ఇష్టాన్ని బట్టి కాదు.

4. ఈ ఎముక లెక్కకు పనికొస్తుందా

ఈ వడపోత దాటని ఎముకకు ఎత్తు చెప్పకండి.

- ఎదుగుదల పూర్తయిందా? రేడియస్, అల్నా రెంటిలోనూ మణికట్టు వైపు చివరే ఆఖరున అతుక్కుంటుంది. మామూలుగా అది కౌమారం చివర్లో జరుగుతుంది, అమ్మాయిల్లో కాస్త ముందు. ఆ చివర విడిగా ఉంటే పెద్దల సూత్రం వాడకూడదు.
- విరిగి అతికిన గుర్తులున్నాయా? చేయి ఆనించి పడ్డప్పుడు మణికట్టు పైన రేడియస్ విరగడం చాలా మామూలు. సరిగ్గా అతకకపోతే ఎముక పొట్టిదవుతుంది. కింది చివర వెనక్కి వంగినట్టు ఉందేమో పక్క నుంచి చూడండి.
- స్టైలాయిడ్ మొన ఉందా? అల్నా స్టైలాయిడ్ సన్నగా ఉంటుంది కాబట్టి ముందుగా ఊడేది అదే.
- ఓలెక్రానాన్ మీద ముల్లులాంటి ఎముక పెరిగిందా? వయసు మళ్లినవాళ్లలో ట్రైసెప్స్ (పై చేయి వెనుక కండరం) అతుక్కునే చోట ఇది కనిపిస్తుంది. కొలతకు మి.మీ.లు కలిపేస్తుంది.
- కాలిన ఎముకా? ఎక్కువ వేడికి ఎముక కుంచించుకుపోతుంది, వంకరపోతుంది. ఆ పొడవును సూత్రంలో వేయకండి.

విరిగిన ముక్కను చూసి "మిగతాది ఇంత ఉంటుందిలే" అని పూరించడం వట్టి కాకిలెక్క. ఎముక పనికిరాదని రాయడం కూడా ఒక ఫలితమే.

5. రేడియస్ గరిష్ఠ పొడవు

తల పైఅంచు నుంచి స్టైలాయిడ్ కొస దాకా ఉండే అత్యధిక దూరం ఇది.

- ఎముకను బోర్డు మీద పొడవుగా పెట్టండి. తల కదలని పలకకు ఆనాలి.
- జరిగే పలకను స్టైలాయిడ్ కొసకు సున్నితంగా తాకించండి. నొక్కవద్దు.
- పలకలు వదలకుండా ఎముక కింది చివరను కొద్దిగా పైకీ కిందికీ, అటూ ఇటూ కదపండి. స్కేలు మీద అంకె పెరుగుతూ వచ్చి ఒకచోట ఆగి మళ్లీ తగ్గుతుంది. ఆ పెద్ద అంకే మీ కొలత.
- మి.మీ. వరకు రాయండి.

ఈ కదపడమే చాలామంది వదిలేస్తారు. రేడియస్ తిన్నటి కడ్డీ కాదు, నడుమ వంపు ఉంటుంది. పెట్టింది పెట్టినట్టు చదివితే అంకె తక్కువ రావచ్చు.

6. అల్నా: అసలు చిక్కంతా ఇక్కడే

అల్నాకు పుస్తకాల్లో రెండు పొడవులు ఉంటాయి. రెంటికీ పేరు "అల్నా పొడవు" అనే రాసేస్తుంటారు.

గరిష్ఠ పొడవు అంటే ఓలెక్రానాన్ పైకొస నుంచి స్టైలాయిడ్ కొస దాకా. బోర్డు మీద రేడియస్‌ను కొలిచినట్టే, కదుపుతూ పెద్ద అంకె తీసుకోవాలి.

క్రియాత్మక పొడవు అంటే పెద్ద గాడి అడుగున, ముందుకు పొడుచుకొచ్చే కొరొనాయిడ్ భాగం మీద ఉండే లోతైన బిందువు నుంచి అల్నా తల అడుగుభాగం దాకా. ఇందులో ఓలెక్రానాన్ రాదు, స్టైలాయిడ్ రాదు. దీన్ని బోర్డు మీద కాకుండా కాలిపర్‌తో తీయాలి.

రెంటికీ మధ్య తేడా పెద్దల ఎముకలో సుమారు రెండున్నర, మూడు సెం.మీ. వరకు ఉంటుంది. గరిష్ఠ పొడవుకు తయారైన సూత్రంలో గుణకం 3.70 అనుకోండి. మూడు సెం.మీ. తక్కువ కొలతను అందులో వేస్తే జవాబు 11 సెం.మీ. పడిపోతుంది. ఆజానుబాహువు కాస్తా పొట్టివాడైపోతాడు. లెక్క మాత్రం ఎక్కడా తప్పినట్టు కనిపించదు, అదే ప్రమాదం.

ముల్లు పెరిగిన ఓలెక్రానాన్ ఉంటే మరో చిక్కు. ముల్లును తప్పించి కొలిచే వీలుంటే అలా కొలిచి, ఆ సంగతి రాయండి. వీలు లేకపోతే అల్నాను పక్కన పెట్టి రేడియస్ తీసుకోండి.

కొలిచే ముందు ఒకసారి చూసుకోండి:
- సూత్రంలో "అల్నా" అంటే ఏ పొడవు?
- స్టైలాయిడ్ కొస లెక్కలో ఉందా, లేదా?
- సూత్రం సెం.మీ.లో ఉందా, మి.మీ.లోనా?

7. మూడుసార్లు కొలవండి, ప్రతిసారీ ఎముక తీసి పెట్టండి

ఎముకను బోర్డు మీదే ఉంచి మూడుసార్లు చదివితే ఒకే అంకెను మూడుసార్లు రాసుకున్నట్టే. పూర్తిగా తీసి, మళ్లీ పెట్టి కొలవాలి. ముందు రాసిన అంకె కనబడకుండా కాగితం కప్పుకుంటే ఇంకా మంచిది.

మూడు రీడింగులు 1 మి.మీ. లోపల ఉంటే సగటు తీసుకోండి. అంతకంటే తేడా వస్తే సగటుతో సర్దుకోకుండా కారణం వెతకండి. రేడియస్ కొలతలో 1 మి.మీ. పొరపాటు ఎత్తులో దాదాపు 4 మి.మీ. అవుతుంది. 5 మి.మీ. పొరపాటయితే 2 సెం.మీ. దగ్గరికి పోతుంది.

చాలా ఎముకలు కొలుస్తున్నవాళ్లు తమ కొలత దోషాన్ని లెక్కగట్టుకోవాలి. ప్రతి ఎముకనూ రెండు విడతలు కొలిచి, తేడాల వర్గాలన్నీ కలిపి, ఎముకల సంఖ్యకు రెట్టింపుతో భాగించి, వర్గమూలం తీయండి. ఇద్దరు కొలిచేటప్పుడూ ఇదే లెక్క.

8. ఆడా, మగా

సూత్రాలు స్త్రీ, పురుషులకు వేర్వేరు. కటి ఎముక, పుర్రె దొరికితే లింగ నిర్ధారణ వాటితోనే చేయాలి. ముంజేయి ఒక్కటే ఉంటే రేడియస్ తల గరిష్ఠ వ్యాసం కొంత దారి చూపిస్తుంది. అమెరికాలోని టెర్రీ ఎముకల సేకరణ మీద వచ్చిన కొలమానం ప్రకారం 21 మి.మీ., అంతకు తక్కువైతే స్త్రీ వైపు, 24 మి.మీ., అంతకు పైనైతే పురుషుడి వైపు మొగ్గు. మధ్యలో ఉన్నది తేలనట్టే. సన్నటి కట్టు ఉన్న జనాభాలో ఈ గీత కిందికి జరుగుతుంది. కాబట్టి దీన్ని సూచనగానే చూడండి.

తేలకపోతే నాణెం ఎగరేయకుండా రెండు సూత్రాలతోనూ లెక్కగట్టి రెండూ రాయండి. రేడియస్ 22.0 సెం.మీ. అయితే ట్రాటర్, గ్లేజర్ శ్వేతజాతి సూత్రాల ప్రకారం పురుషుడికి 162.2, స్త్రీకి 159.2 సెం.మీ. వస్తుంది. తేడా మూడు సెం.మీ. మాత్రమే. రెండు వ్యవధులనూ (అంచనాకు అటూ ఇటూ ఉండే హద్దులను) కలిపి చెబితే దర్యాప్తుకు నష్టమేమీ ఉండదు.

9. సూత్రం ఎంచుకోవడం

నా దృష్టిలో మొత్తం పనికి గుండెకాయ ఇదే. మనుషుల్లో ముంజేతికీ మొత్తం ఎత్తుకూ ఉండే నిష్పత్తి అన్ని జనాభాల్లో ఒకటి కాదు. ఒకరి కొలతలతో కుట్టిన చొక్కా మరొకరికి తొడిగినట్టే ఉంటుంది, ఒక జనాభా సూత్రాన్ని ఇంకో జనాభాకు వాడితే.

తేడా ఎంత ఉంటుందో మీరే చూడండి. ఒకే రేడియస్, 24.0 సెం.మీ., పురుషుడిది:

- ట్రాటర్, గ్లేజర్ 1952, శ్వేతజాతి అమెరికన్లు: 3.78 × 24.0 + 79.01 = 169.7 సెం.మీ.
- వాళ్లదే 1958 సూత్రం, అప్పటి వర్గీకరణలో మంగోలాయిడ్ అని రాసుకున్న సైనికులు: 3.54 × 24.0 + 82.00 = 167.0 సెం.మీ.
- గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ 1899, ఫ్రెంచి శవాల కొలతల ఆధారంగా: 3.271 × 24.0 + 85.925 = 164.4 సెం.మీ.
- ట్రాటర్, గ్లేజర్ 1952, నల్లజాతి అమెరికన్లు: 3.42 × 24.0 + 81.56 = 163.6 సెం.మీ.

ఎముక ఒకటే, కొలత ఒకటే, కానీ పైకీ కిందికీ ఆరు సెం.మీ. తేడా. మీరు బోర్డు మీద అర మి.మీ. కోసం పడ్డ తంటా అంతా సూత్రం ఎంపికలో కొట్టుకుపోగలదు.

అందుకని ఈ వరసలో వెతకండి:

- మీ మనిషి చెందిన జనాభా మీదే, ఈ కాలపు మనుషుల మీద తయారైన సూత్రం.
- అది లేకపోతే శరీర నిష్పత్తుల్లో దగ్గరగా ఉండే జనాభా సూత్రం, కారణం రాసి.
- జనాభా ఏదో తెలియకపోతే రెండు మూడు సూత్రాల వ్యవధులు పక్కపక్కన.

కాలం మాట ఎందుకంటే, తరాలు గడిచేకొద్దీ చాలాచోట్ల సగటు ఎత్తుతో పాటు నిష్పత్తులూ మారాయి. పాత సూత్రం ఇప్పటి యువకుడికి నప్పకపోవచ్చు. ఎముకల కొలతల నుంచి అంచనాలు కట్టే ఫోర్డిస్క్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడినా ఇదే జాగ్రత్త. దానిలో ఏ నమూనాను ఎంచుకున్నారో ఫలితం దాని మీదే ఆధారపడుతుంది.

ఎముక పొడవును ఒక స్థిర సంఖ్యతో గుణించి ఎత్తు చెప్పే పాత పద్ధతి ఒకటుంది. నేనైతే దాన్ని వాడను. సగటు మనిషి దగ్గర అది ఫరవాలేదనిపిస్తుంది, కానీ బాగా పొట్టివాళ్లను ఇంకా పొట్టిగా, పొడుగువాళ్లను ఇంకా పొడుగ్గా చూపిస్తుంది. పైగా దోషం ఎంతో చెప్పదు.

10. లెక్క, వ్యవధి

పురుషుడు, రేడియస్ 24.0 సెం.మీ., పైన మొదటి సూత్రం సరైనదని తేల్చుకున్నాం అనుకుందాం.

- అంచనా: 169.7 సెం.మీ.
- ప్రామాణిక దోషం: 4.32 సెం.మీ.
- ఒక దోషం అటూ ఇటూ: 165.4 నుంచి 174.1. అలాంటి మనుషుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఇందులో పడతారు.
- రెండు దోషాలు అటూ ఇటూ: 161.1 నుంచి 178.4. ఇందులో సుమారు 95 శాతం.

అడుగుల్లో చెబితే 5 అడుగుల 3 అంగుళాల నుంచి 5 అడుగుల 10 అంగుళాలు. "ఇంత వెడల్పా!" అని నీరుగారిపోకండి. ముంజేతి ఎముక చెప్పగలిగింది అంతే. ఆరడుగుల రెండంగుళాల మనిషిని పక్కన పెట్టడానికి అది చాలు. దాన్ని కుదించి గొప్ప చెప్పుకుంటే, సరైన మనిషే జాబితాలోంచి జారిపోతాడు.

ఎముక ఆ నమూనా సగటుకు దూరంగా, అంటే మరీ పొడవుగానో మరీ పొట్టిగానో ఉంటే అసలు వ్యవధి ఇంకా వెడల్పవుతుంది.

ఇదే మనిషి అల్నా 25.8 సెం.మీ. ఉందనుకోండి. 3.70 × 25.8 + 74.05 = 169.5. రెండూ దగ్గరగా వచ్చాయి కదా అని సగటు తీసి, దోషం సగమైందని రాయకండి. ఈ రెండు ఎముకలూ ఒకే ముంజేతివి, కలిసే పెరుగుతాయి, కలిసే తప్పుతాయి. అల్నా జవాబు రేడియస్‌కు సరిచూపు మాత్రమే. రెండూ నాలుగైదు సెం.మీ. దూరంగా వస్తే మాత్రం వెనక్కి వెళ్లాలి: అల్నాకు క్రియాత్మక పొడవు వేశామా, రేడియస్ విరిగి అతికిందా, అసలు రెండు ఎముకలూ ఒకే మనిషివేనా?

11. వయసు సవరణ

ఇలాంటి సూత్రాలు చెప్పేది మనిషి యౌవనంలో చేరుకున్న గరిష్ఠ ఎత్తు. వయసుతో వెన్ను మధ్య డిస్కులు పలచబడి ఎత్తు తగ్గుతుంది, ముంజేయి ఎముక తగ్గదు. ట్రాటర్, గ్లేజర్ చెప్పిన సవరణ: 30 ఏళ్లు దాటిన ప్రతి ఏడాదికి 0.06 సెం.మీ. తీసేయాలి. 60 ఏళ్ల మనిషికి 1.8 సెం.మీ.

సవరణ చేయాలా వద్దా అన్నది దేంతో పోలుస్తున్నారో దాన్ని బట్టి. యువకుడిగా ఉన్నప్పుడు తీసుకున్న గుర్తింపు పత్రంలోని ఎత్తుతో పోలిస్తే సవరణ అక్కర్లేదు. ఇటీవల కొలిచిన ఎత్తుతో పోలిస్తే కావాలి. పత్రాల్లోని ఎత్తు చాలాసార్లు ఎవరూ కొలిచింది కాదు, ఆ మనిషి చెప్పుకున్నది. చాలామంది కాస్త పెంచే చెప్పుకుంటారు.

12. బతికున్న మనిషికైతే

మంచాన పడ్డవాళ్లకు, వెన్ను బాగా వంగినవాళ్లకు ఎత్తు అవసరమైతే అల్నాయే సులువు. చర్మం కిందే రెండు కొసలూ తగులుతాయి. రేడియస్ తల కండరాల కింద ఉంటుంది కాబట్టి అంత బాగా దొరకదు.

- వీలైతే ఎడమ చేయి. గడియారం, ఆభరణాలు తీసి చొక్కా చేతిని మోచేతి పైకి మడవండి.
- మోచేయి మడిచి, అరచేతిని ఛాతీ మీదుగా ఎదుటి భుజం వైపు చాపించండి. వేళ్లు ఆ భుజాన్ని చూడాలి.
- మోచేతి మొన దగ్గర ఓలెక్రానాన్ కొస గుర్తించి చుక్క పెట్టండి.
- మణికట్టు వెనుక చిటికెన వేలి వైపు ఉబ్బెత్తు ఎముకను వేలితో తడమండి.
- రెండు గుర్తుల మధ్య తిన్నగా కొలవండి. చర్మం వంపును అనుసరించి టేపు పోనివ్వకండి.

నాలుగో అడుగు దగ్గర ఆగండి. ఆ ఉబ్బు అల్నా తల. స్టైలాయిడ్ కొస దానికి కాస్త కింద, చేతి వైపు ఉంటుంది. పరిశోధనల్లో ఎక్కువగా కొస దాకా కొలుస్తారు. బ్రిటన్‌లో పోషకాహార లోపం కనిపెట్టడానికి వాడే మస్ట్ పద్ధతిలో మాత్రం ఆ ఉబ్బు మధ్య బిందువు దాకా కొలవమంటారు. ఏ సూత్రం వాడుతున్నారో దాని కొసే పట్టుకోవాలి.

మస్ట్ పట్టికకు ఆధారమైన సూత్రాలు ఇవి, అన్నీ సెం.మీ.లో:

- పురుషులు, 65 ఏళ్ల లోపు: 3.60 × అల్నా + 79.2
- పురుషులు, 65, ఆపైన: 3.15 × అల్నా + 86.3
- స్త్రీలు, 65 ఏళ్ల లోపు: 2.77 × అల్నా + 95.6
- స్త్రీలు, 65, ఆపైన: 3.25 × అల్నా + 80.4

అల్నా 24.0 సెం.మీ. ఉన్న స్త్రీకి 65 లోపైతే 162.1 వస్తుంది, ఆపైనైతే 158.4. వయసు ప్రభావం సూత్రంలోనే ఉంది. దీని మీద మళ్లీ 0.06 సవరణ తీసేస్తే రెండుసార్లు కోత పెట్టినట్టు.

ఈ ఎత్తుతో బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే సూచిక) కట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. బీఎంఐలో ఎత్తును వర్గం చేస్తాం కాబట్టి ఎత్తులో 3 శాతం తప్పు బీఎంఐలో సుమారు 6 శాతం అవుతుంది. బరువు తక్కువా కాదా అనే గీత దగ్గర ఉన్న రోగిని ఇది అటో ఇటో పడేస్తుంది.

మీ దగ్గరి మనుషులకు సూత్రం నప్పుతుందో లేదో ముందే తెలుసుకోవడం కష్టమేమీ కాదు. నిలబడగలిగే పెద్దవాళ్లను కొంతమందిని పోగుచేసి అల్నా, అసలు ఎత్తు రెండూ కొలవండి. అంచనా లోంచి అసలు తీసేసి తేడాల సగటు చూడండి. తేడాలు అటూ ఇటూ పడి సగటు సున్నా దగ్గర ఉంటే సరే. అన్నీ ఒకే వైపు ఉంటే ఆ సూత్రం మీ జనాభాకు పక్షపాతంగా ఉంది. ఎత్తులన్నీ రోజులో ఒకే వేళ కొలవండి. పొద్దున లేచాక ఉన్న ఎత్తు సాయంత్రానికి సెం.మీ. పైనే తగ్గొచ్చు.

పిల్లలకు ఇవేవీ వాడకండి. వాళ్ల సూత్రాల్లో అల్నాతో పాటు వయసుకు కూడా ఒక గుణకం ఉంటుంది.

13. జవాబు వింతగా వస్తే

- ఏడెనిమిది వందలో, వెయ్యి దగ్గరో అంకె వచ్చింది: సెం.మీ. సూత్రంలో మి.మీ. వేశారు.
- అల్నా జవాబు రేడియస్ కంటే పది సెం.మీ. దాకా తక్కువ: అల్నాకు క్రియాత్మక పొడవు వేశారు.
- కుడి, ఎడమ ఎముకల తేడా బాగా ఎక్కువ: పాత విరుపు చూడండి, లేదా రెండూ ఒకరివేనా అని అనుమానించండి.
- ఎక్స్‌రే మీద కొలిస్తే అంకె పెద్దగా వచ్చింది: మామూలు ఎక్స్‌రేలో నీడ అసలు కంటే పెద్దదవుతుంది. పక్కన స్కేలు పెట్టి తీసినది కాకపోతే వాడకండి.
- ఎత్తు నుంచి ఎముక పొడవు తెలుసుకోవాలని సూత్రాన్ని తిరగేశారు: ఇలా చేయకూడదు. ఒక వైపు అంచనాకు గీసిన రేఖ రెండో వైపుకు సరిపోదు. దానికి వేరే సమీకరణం కావాలి.
- తాజా ఎముక కొలిచారు: చివర్ల మృదులాస్థి ఉండటం వల్ల ఎండినదాని కంటే కాస్త పొడవు చూపిస్తుంది. సూత్రం ఏ స్థితి ఎముకలకో చూడండి.

14. నివేదికలో రాయవలసింది

ఒక్క అంకె రాసి వదిలేస్తే చదివేవాళ్లు అదే పట్టుకుంటారు. దశాంశాలు కూడా వద్దు. లెక్కలో ఉంచుకోండి, చివర దగ్గరి సెం.మీ.కు సవరించండి. నమూనా ఇలా:

"పరిశీలించినది: కుడి రేడియస్, ఎండినది, రెండు చివరలూ పూర్తిగా అతుక్కున్నవి, విరుపు గుర్తులు లేవు. గరిష్ఠ పొడవు ఆస్టియోమెట్రిక్ బోర్డుతో మూడుసార్లు కొలిచాం: 240, 240, 240 మి.మీ. లింగం: పురుషుడు, కటి ఎముక ఆధారంగా. వాడిన సూత్రం: ట్రాటర్, గ్లేజర్ 1952, శ్వేతజాతి పురుషుల రేడియస్ సూత్రం, ఎంచుకున్న కారణం పక్క పేరాలో. గరిష్ఠ జీవిత ఎత్తు అంచనా 170 సెం.మీ., 95 శాతం వ్యవధి 161 నుంచి 178 సెం.మీ. వయసు సవరణ చేయలేదు."

సంతకానికి ముందు టిక్కు పెట్టుకోండి:

- ఎముక, వైపు, స్థితి
- కొలత నిర్వచనం, పరికరం, మూడు రీడింగులు
- లింగం, అది తేల్చిన ఆధారం
- సూత్రం, సంవత్సరం, జనాభా, ఎంచుకున్న కారణం
- ప్రామాణిక దోషం, వ్యవధి
- వయసు సవరణ చేశారా లేదా
- ఎముకను తిరిగి భద్రపరచిన చోటు, ముద్ర సంఖ్య